నాన్న సంతకం పెట్టిన ఇంగ్లీషు కాగితం

మా వీధిగోడ మీద ఆ అక్షరాలు రాసింది నేనే. నాకప్పుడు పదిహేనేళ్లు. నేను బడి మొహం చూడలేదు. నాన్నే ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇసకలో నా వేలు పట్టి దిద్దించాడు. రాయడం వచ్చాక కనబడిన చోటల్లా రాయాలని ఉబలాటం. అరవైల చివర్లో ఒక ఉగాదికి ఇంటికి సున్నం వేశాక, మిగిలిన ఎర్రజాజుతో గోడ మీద పెద్దగా రాశాను: పశువుల డాక్టరు గారి ఇల్లు.

అబద్ధం రాశాననుకోలేదు. నాన్న రైతే అయినా, కడుపులో దూడ అడ్డం తిరిగితే చుట్టుపక్కల నాలుగూళ్లవాళ్లు ఆయన కోసమే వచ్చేవారు. తాత నుంచి వచ్చిన హస్తవాసి. మోచేతుల దాకా కడుక్కుని, ఆముదం రాసుకుని, శ్రీకూర్మం స్వామి ఉన్న దిక్కుకు ఒక నమస్కారం పెట్టుకుని అప్పుడు చెయ్యి పెట్టేవాడు.

ఆ రాత చూసి ముందు నవ్వింది వీధి చివరింటి అత్త. భర్త పోయాక ఒక్క ఆవును పెట్టుకుని బతికే మనిషి.

"ఏటి బావా, గోడెక్కి కూకున్నావు! ఇంక నీతో మాటాడాలంటే ఆస్పత్రి సీటీ రాయించుకోవాలేటి?"

"నానేటి సేసినానే? మా గుంట రాసేసినాది," అన్నాడు నాన్న. చెరిపెయ్యమని మాత్రం నాతో అనలేదు. ఆ సంతోషం ఇప్పటికీ నాకు గుర్తే.

రెండు నెలలకు, నరసన్నపేట పశువుల ఆసుపత్రికి కొత్తగా వచ్చిన డాక్టరు గారు టీకాలు వెయ్యడానికి మా ఊరొచ్చారు. గోడ చూసి ఆగారు.

"ఇలా రాసుకోకూడదండీ. చదివి పాసై, పేరు నమోదు చేయించుకున్నవాళ్లకే డాక్టరన్న హోదా. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే కేసవుతుంది."

మర్యాదగానే చెప్పారు. అరుగు మీద కూర్చుని ఒక కాగితం మీద ఇంగ్లీషులో నాలుగు వరుసలు రాసి, నాన్న చేత సంతకం చేయించుకుని, దాని నకలు ఇచ్చి వెళ్లారు. అందులో ఏముందని నాన్న అడగలేదు. గోడ తానే తుడిచాడు. కాగితాన్ని దేవుడి గూట్లో పెట్టాడు. ఆముదం సీసా అటక మీదికి పోయింది. ఆ తర్వాత ఎవరొచ్చినా, "నరసన్నపేట తోలుకెల్లండి బాబూ, నాను ముట్టుకోకూడదు," అనేవాడు. మాకందరికీ అదే చట్టమనిపించింది.

వానలు మొదలైన రోజుల్లో అత్త ఆవు ఈనడానికి వచ్చింది. ఉదయం నుంచీ నొప్పులు. దూడ ఒక కాలు మాత్రం బయటికొచ్చి ఆగిపోయింది. నరసన్నపేటకు మనిషిని పంపితే డాక్టరు గారు ఇంకో ఊరు వెళ్లారని కబురొచ్చింది. నాన్న పశువుల సాల గుమ్మంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"బావా, నీకు దండమెడతాను. ఒక్కపాలి సెయ్యెట్టు."

"మాటిచ్చేసినానే. సంతకం ఎట్టేసినాను."

"నా ఆవు సచ్చిపోతాంటే నీకు సంతకమేటి!"

నేనూ బతిమాలాను. "దేవుడు ఏటీ అనుకోడు నాన్నా."

"దేవుడి గూట్లోనే ఉన్నాది కదమ్మా ఆ కాయితం," అన్నాడు. అక్కడి నుంచి కదల్లేదు. ఆవు కళ్లు తేలవేసేదాకా అలాగే నిలబడి చూశాడు. మధ్యాహ్నానికి తల్లీ బిడ్డా పోయాయి.

పొద్దు వాలకముందే డాక్టరు గారు సైకిలు మీద హడావిడిగా వచ్చారు. ఆవును చూసి, నాన్న వైపు తిరిగారు.

"మీరు ఊళ్లోనే ఉన్నారు కదా! ఎందుకు చెయ్యి పెట్టలేదు?"

"తవరే కదా బాబూ రాయించుకున్నారు."

ఆయనకు అర్థం కాలేదు. నేను ఇంటికి పరిగెత్తి కాగితం తెచ్చాను. ఆయన దాన్ని తెలుగులో చదివి వినిపించారు. డాక్టరని పేరు రాసుకోను, ఎవరి దగ్గరా అలా చెప్పుకోను. అంతే. వైద్యం చెయ్యవద్దన్న మాట అందులో ఎక్కడా లేదు.

"ఆ రోజే చదివి వినిపించాల్సింది," అన్నారాయన.

"నాను అడగాల్సింది బాబూ," అన్నాడు నాన్న.

అత్త తిట్టినా బాగుండేది. ఆవు మెడలో పలుపు విప్పుతూ కూర్చుంది.

ఆ డాక్టరు గారికి నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. ఆవేళ చట్టం ఒప్పుకోదని ఒక్క ముక్క అనేసి ఉంటే ఎవరం అడిగేవాళ్లం కాదు. ఆయన నిజం చదివారు. ఊళ్లో ఇంగ్లీషు వచ్చిన మాస్టారు ఒకరుండేవారు, మా ఇంటికి నాలుగిళ్ల అవతల. అన్ని రోజుల్లో ఒక్కసారి ఆ కాగితం ఆయన దగ్గరికి పట్టుకెళ్లాలని ఇంట్లో అక్షరాలొచ్చిన నాకు తోచలేదు. రోజూ దీపం పెట్టేటప్పుడు ఆ మడతను పక్కకు జరిపేదాన్ని. స్వామి నన్ను క్షమించే ఉంటాడు. నాకే చేతకావడం లేదు.

డాక్టరు గారే మళ్లీ మళ్లీ చెప్పగా, కోతల ముందు పక్క ఊళ్లో ఒక ఆవుకు నాన్న చెయ్యి పెట్టాడు. దూడ బతికింది. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, అన్నం కలపకుండా ఉండిపోయాడు.

"ఏటి నాన్నా?" అన్నాను.

"దూడని తిప్పడానికి తమలపాకు నమిలినంత సేపు పట్టినాదమ్మా," అన్నాడు. "అంతే పట్టినాది."