పొయ్యి పైన పదకొండు ఫ్లాపీలు

పదకొండు ఫ్లాపీల బరువెంతుంటుంది? అన్నం డబ్బా పెట్టుకునే సంచిలో పట్టేస్తాయి. వాటినే నేను తొమ్మిదేళ్లుగా మోస్తున్నాను. దించుకోవడానికి చోటు దొరకలేదని అనను. దించితే పరువు పోతుందని భయం, అంతే. ఇవాళ మీ ముందు దించుతున్నాను. నా పేరు మాత్రం అడక్కండి. ఆ మాత్రం పిరికితనం ఇంకా మిగిలే ఉంది.

అప్పట్లో పాడేరులో ఒక చిన్న సంస్థ ఉండేది. కొండ ఊళ్ల పిల్లలకి వాళ్ల కువి భాషలోనే, తెలుగు అక్షరాలతో, మొదటి వాచకం తయారుచేసే పని పెట్టుకుంది. నేను చోడవరం వైపు వాణ్ణి. డిజైన్ పని వచ్చనీ, మొరాయించిన కంప్యూటర్‌ని దారికి తేవడమూ వచ్చనీ నన్ను తీసుకున్నారు. రెండోది సగం అబద్ధం. నాకు తెలిసిన వైద్యం ఒక్కటే. వానాకాలం పొద్దున్నే తెర నల్లగా ఉండిపోతే డబ్బా విప్పి, ర్యామ్ పీకి, దాని అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్లీ బిగించడం. పదిసార్లలో తొమ్మిదిసార్లు తెర వెలిగేది. చూసేవాళ్లకి నేను పెద్ద డాక్టర్ని. చెమ్మ చేరకుండా డబ్బా పక్కన ఒక నలభై క్యాండిల్ బల్బు ఎప్పుడూ వెలుగుతూ ఉండేది. అక్కడి మంచు సంగతి మీకు తెలుసో లేదో. గోడ మీద చెయ్యి పెడితే తడి. సొరుగులో పెట్టిన ఫ్లాపీలకి నాలుగు నెలల్లో తెల్లగా బూజు పట్టేది.

సుమిత్రక్క పెదబయలు అవతల ఊరి మనిషి. వాచకంలో కువి మాటలు సరిచూడ్డానికి వచ్చింది. నాకంటే ఐదారేళ్లు పెద్ద. ఒకరోజు నేను టీ తాగి వచ్చేసరికి, నేను గీసిన ఆనపబుర్రని చెరిపేసి, మౌస్ పట్టుకుని తనే ఇంకోటి గీస్తోంది. నాది బెలూన్‌లా ఉండేది. ఆవిడది నీళ్లు ముంచుకునే బుర్రలా ఉంది. సంస్థ నడిపే సార్ అది చూసి, ఇక బొమ్మలన్నీ ఆవిడనే గీయమన్నారు. ఆ వానాకాలమంతా గీసింది. ముప్పై ఆరు బొమ్మలు. తుడుము డప్పు, జీలుగు చెట్టు, అడ్డాకుల కట్ట, పనసకాయ మీద కూర్చున్న ఉడుత. కాగితం మీద ఒక్కటీ లేదు, అన్నీ కంప్యూటర్లోనే. నాకు కడుపుమంట ఉండేదా? ఉండేది. ఈ పని నేర్చుకోవడానికి నేను విశాఖలో ఏడాది తిరిగాను. ఆవిడ మూడు వారాల్లో నన్ను దాటేసింది.

వాచకం మొదట్లో "బొమ్మలు: సుమిత్ర" అని ఒక పేజీ కట్టాను. తెర మీద దాన్ని చూసి ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుంది. తర్వాత వేలు పెట్టి ఒక్కో అక్షరమే చదువుకుంది.

బొమ్మలన్నీ ఫ్లాపీల్లోకి ఎక్కించి, నా గదిలో జాగ్రత్తగా పెట్టుకోమన్నారు సార్. ఎక్కించాను. కానీ నా గది కారేది. ఆ రోజు శనివారం, చోడవరం బస్సు తొందర. సుమిత్రక్క తన ఊరి జీపు కోసం గుమ్మంలో నిలబడి ఉంది. సంచి ఆవిడ చేతిలో పెట్టాను.

"అక్కా, బొమ్మలన్నీ ఇందులోనే ఉన్నాయి. చెమ్మ తగలకుండా దాచు."

"ఎలగ దాయాలి బాబూ? నాకేటి తెలుసు?"

"విత్తనాలు మీరెలా దాస్తారు?"

"పొయ్యి పైన, అటక మీద. పొగ తగిల్తే పురుగట్టదు, సెమ్మెక్కదు."

"అయితే అలాగే దాచు."

"సెడిపోవు కదా?"

"ఏం కాదక్కా. నా బస్సు వెళ్లిపోతోంది."

తమాషాకి అన్నానా? తొందరలో నోరు జారానా? ఈ తొమ్మిదేళ్లలో నాకు నేను ఎన్ని సమాధానాలు చెప్పుకున్నానో. ఏదీ నిలబడదు. ఎందుకంటే ఆవిడ నిజంగానే అటక మీద పెడుతుందని నాకు ఆ క్షణంలోనే తెలుసు. వద్దని చెప్పడానికి అర నిమిషం చాలు. సోమవారం వెనక్కి తెప్పించుకుందాం అనుకున్నాను. ఆ సోమవారం పోయింది, ఆ తర్వాతిదీ పోయింది.

నెల తిరక్కుండానే డబ్బాలో టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. హార్డ్ డిస్క్ పోయేముందు అలా కొట్టుకుంటుంది. నాకు తెలుసు. అయినా ర్యామ్ పీకి రబ్బరుతో రుద్దాను. రుద్దితే తగ్గే జబ్బు కాదని తెలిసే రుద్దాను. సార్‌కి చెప్తే డాక్టర్ పేరు పోతుందని పది రోజులు నోరు మూసుకున్నాను. ఆ పది రోజుల్లో మళ్లీ ఎక్కించుకుని ఉంటే ముప్పై ఆరు బొమ్మలూ బతికేవి. ఒక పొద్దున ఇక ఏం చేసినా లేవలేదు.

సార్ ఫ్లాపీలు అడిగారు. అక్క దగ్గర దాచానన్నాను. మర్నాడు ఆవిడ సంచి తెచ్చింది. లోపల గుడ్డ చుట్టి, పైన అడ్డాకులు కప్పి, నారతో ఎంత పొందిగ్గా కట్టిందో. విప్పగానే గదంతా పొగ వాసన. కొన్ని వంకర తిరిగి డ్రైవులో దూరలేదు. దూరినవి తెరుచుకోలేదు.

పొయ్యి పైన అటక మీద దాచానంది ఆవిడ. అక్కడ పెట్టమని ఎవరు చెప్పారని సార్ అరిచారు. ఆవిడ నా వైపు చూసింది. నా పేరు చెప్పలేదు. నేనే చెప్తానని ఆగింది. ఇప్పుడు అర్థమవుతోంది, అప్పుడు మాత్రం మాట రాక నిలబడిందనుకున్నాను. కాదు, అలా అనుకోవడం నాకు అనుకూలంగా ఉండింది.

"దాచమన్నాను సార్, కాల్చమనలేదు" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ జోకు పాడేరు ఆఫీసులన్నీ తిరిగింది. తిప్పింది ముఖ్యంగా నేనే. చెప్పిన ప్రతిసారీ ఇంకాస్త ఉప్పూకారం చల్లేవాణ్ణి. సుమిత్రక్కని మళ్లీ కంప్యూటర్ గదిలోకి రానివ్వలేదు. వరండాలో కూర్చుని మాటలు సరిచూసేది. కొన్నాళ్లకి రావడమే మానేసింది. బొమ్మలు విశాఖలో ఎవరిచేతో గీయించారు. ఆ పిల్లలు చూడని ఓడ, ఒంటె, యాపిల్ పండు. పేజీలు మళ్లీ కట్టినప్పుడు ఆవిడ పేరు నేను ఎక్కించలేదు. ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నాకు అరకులో సొంత డిజైన్ షాపు ఉంది. మొన్న ఒకమ్మాయి, వాళ్ల మహిళా సంఘం కాఫీ పొడికి లేబుల్ చేయించుకోవడానికి వచ్చింది. నా బల్ల మీద టీ గ్లాసు కింద ఒక పాత ఫ్లాపీ ఉంటుంది. దాన్ని చూసి ఫక్కున నవ్వింది.

"ఇలాటివేనండి మాయమ్మ పొయ్యి మీద ఎట్టేసింది! కంపూటర్ని కాల్సేసిన మడిసని ఊళ్లో ఇప్పటికీ ఏడిపిత్తారు. నన్నూ దాని కాడికి ఎల్లనీదు. మనలాటోళ్లకి అది రాదంటాది."

రాదట. నాకంటే బాగా గీసిన మనిషికి రాదట. ఆ నవ్వు ఒకరి నోటి నుంచి ఇంకొకరికి పోయి పోయి, చివరికి ఆవిడ మనసులోనే నిజమై కూర్చుంది. ఆ అమ్మాయికి ఏం చెప్పానో గుర్తులేదు. లేబుల్ ఎలా చేశానో కూడా గుర్తులేదు.

ఆదివారం ఆ ఊరు వెళ్లాను. సుమిత్రక్క అరుగు మీద కూర్చుని రాజ్‌మా కాయలు ఒలుస్తోంది. చూడగానే గుర్తుపట్టింది. అన్నీ చెప్పాను. బస్సు తొందర, టిక్కు టిక్కుమన్న చప్పుడు, నేను కలిపిన ఉప్పూకారం. ఆవిడ ఒలవడం ఆపలేదు. చివరికి నా వైపు చూడకుండానే అంది.

"నువ్వు సెప్పినావని నాకు తెల్దేటి బాబూ? నాకెందుకు సెప్తన్నావు? నవ్వినోళ్లకి సెప్పు."

టీ పెట్టి ఇచ్చింది. క్షమించానని అనలేదు. నేను అడగనూ లేదు. జీపు దొరక్క పెదబయలు దాకా నడిచాను. సిగ్గులేకుండా ఆకలేసింది. ఎన్నో ఏళ్ల తర్వాత వేసిన ఆకలిలా అనిపించింది. దారిలో కొన్న నాలుగు అరటిపళ్లూ నిలబడే తినేశాను. ఆవిడకి ఏమీ తిరిగి ఇవ్వకుండానే నాకు ఇంత తేలికవడం న్యాయమేనా? కాదేమో. అయినా తేలికగానే ఉంది, అబద్ధం ఎందుకు.

నవ్విన వాళ్లందరి పేర్లూ నాకు గుర్తులేవు. అందుకే ఇది రాస్తున్నాను. ఫ్లాపీలు పొయ్యి మీద పెట్టిన కొండమనిషి కథ మీరెక్కడైనా విని నవ్వి ఉంటే, నేను చెప్పకుండా దాచినవి దానికి కలుపుకోండి. పెట్టమన్నది నేను. చెడిపోవు కదా అని ఆవిడ అడిగింది. ఏం కాదన్నాను. హార్డ్ డిస్క్ చప్పుడు విని దాచిందీ నేనే. నేను ఎక్కించకుండా వదిలేసిన పేజీలో ఉండాల్సినవి రెండే మాటలు. తొమ్మిదేళ్లు ఆలస్యంగా ఇక్కడ ఎక్కిస్తున్నాను.

బొమ్మలు: సుమిత్ర.