మొగుడి పేరు చెప్పలేదని

తొంభైల చివర్లో, సుచిత్ర నుంచి మేడ్చల్ వెళ్లే రోడ్డు మీద పన్నెండు పడకల చిన్న ఆసుపత్రిలో నేను నర్సుని. కోస్తా నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. ఇప్పటికీ ఆ ఆసుపత్రి గుర్తొస్తే ఒళ్లు మండుతుంది. ఆ మంటలో సగం నా మీదే.

ఒక ఉదయం అలియాబాద్ నుంచి ఒక అవ్వను తీసుకొచ్చారు. శామీర్‌పేట చెరువు చేపలు గంపలో పెట్టుకుని తిరిగి అమ్ముకునే మనిషి. బస్సు దిగబోయి పడితే మోకాలి కింద ఎముక విరిగింది. పిండికట్టు వేశాక, వెంట వచ్చిన కొడుకు మందులు కొనడానికి వెళ్లాడు. అప్పుడొచ్చాడు మా డ్యూటీ డాక్టరు, పట్నంలో పుట్టి పెరిగిన కుర్రాడు. పడ్డప్పుడు తలకి దెబ్బ తగిలిందేమో తేల్చుకుందామని ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"నీ భర్త పేరేంటి?"

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల తిప్పుకుంది. మళ్లీ గట్టిగా అడిగాడు.

"గట్లెట్ల చెప్తరు సారూ? నా కొడుకొస్తడు, ఆణ్ని అడుగు."

"పోనీ, ఇది ఏ సంవత్సరం?"

"గయన్ని నాకేమెర్క?"

అంతే. కేసు షీటు మీద 'మతి స్థిమితం లేదు' అని రాసి పడేశాడు. ఓరి దేవుడా! మొగుడి పేరు నోటితో పలకకూడదన్నది ఆ తరం ఆడవాళ్ల పట్టింపు. మా అమ్మ మాత్రం పలికేదా? రేషను షాపులో అడిగితే చెప్పమని నన్ను ముందుకి తోసేది. ఆ మాటే డాక్టరుతో అన్నాను. "రాసేశాను కదా సిస్టర్, ఇప్పుడు కొట్టేస్తే ఏం బాగుంటుంది?" అన్నాడు. డాక్టరు రాసిందే బ్రహ్మరాత మరి!

ఆ మధ్యాహ్నమే అవ్వ నన్ను పిలిచింది. "బిడ్డా, కట్టు మస్తు బిగుసుకుంటాంది. ఏళ్లు తిమ్మిరెక్కినయ్."

కట్టు వేసిన కాలి వేళ్లు తాకి చూడడం మాకు మొట్టమొదట నేర్పే పని. నేను తాకలేదు. షీటు మీద రాసింది తప్పని తెలిసి కూడా, "కొత్త కట్టు కదా అవ్వా, అలాగే ఉంటుంది" అని నా దారిన నేను పోయాను.

మరునాడంతా ఆమె అదే చెప్పింది. విన్నవాళ్లు లేరు. కొడుకు అడిగితే షీటు చూపించి నోరు మూయించాం. ఆయా అయితే తెరైనా లాగకుండా, పక్క మంచాల మగవాళ్లు చూస్తుండగానే అవ్వకు చీర మార్చింది. ఇదేం పనని అరిస్తే, "పిచ్చిదానికి సిగ్గేంది సిస్టరమ్మా? పొద్దుగాల్నుంచి ఒక్కతీర్గ ఒర్లుతాంది" అని నన్నే కసిరింది. మొగుడి పేరు చెప్పడానికే మొహం దాచుకున్న మనిషికి సిగ్గు లేదట!

మూడో రోజు పొద్దున దుప్పటి మారుస్తూ చూశాను. వేళ్లు నల్లబడి ఉన్నాయి. ముట్టుకుంటే చల్లగా తగిలాయి. పరిగెత్తి డాక్టరును లాక్కొచ్చాను. కట్టు కోశారు. కాలు దక్కింది గానీ రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. "ముసలి ఒళ్లు, ఇలాంటివి అవుతుంటాయి" అన్నాడాయన. చెంప పగలగొడదామనిపించింది. "అవును సార్" అన్నాను.

ఇంటికి పంపే రోజు కాగితాలన్నీ ఆమె చేతిలో పెట్టాను. చదువు రాదు. అయినా ఒక్కొక్కటీ తిప్పి చూసి అడిగింది.

"కట్టు బిగుసుకుంటాందని మొదటి దినమే చెప్పిన గద బిడ్డా. గా ముచ్చట ఇండ్ల రాసిండ్రా?"

"లేదవ్వా."

"మరి నువ్వన్న రాయకపోతివా?"

రాశాను. మొదటి రోజు షీటులో, నా సంతకం పైన, నా చేత్తో రాసిన ముక్క ఉంది: 'రోగికి బాధలేమీ లేవు.'