మర్యాదగా కొనితెచ్చుకున్న ఉక్కపోత

ఆ ఏడు పాస్కాకు, అంటే ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో మాంసం మానేస్తానని పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో చెబితే ఫాదర్ ఒప్పుకోలేదు.

"మాంసం అందరూ మానేస్తారు మాస్టారూ. పాస్కా పండగ దాకా మీరు మనుషుల్ని తినడం మానండి" అన్నారు.

ఆయన తప్పేం లేదు. సాంబారు చల్లారిందని హోటల్లో, చిల్లర ఇవ్వలేదని బస్సులో, రీడింగు తప్పు తీశాడని కరెంటు మనిషి మీద నేను వేసిన కేకలు రెంటచింతలలో చాలామంది విన్నారు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పిన గొంతు. రిటైరయ్యాక ఆ గొంతుకు పిల్లలు దొరక్క పెద్దవాళ్ల మీద పడ్డాను. మా ఆవిడ నాతో కలిసి హోటల్‌కు రావడం ఎప్పుడో మానేసింది. కాబట్టి ఆ కాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు, బయట ఎవరి మీదా గొంతు పెంచనని దేవుడి ముందు ఒప్పుకున్నాను.

తొలి కాన్పుకు మా అమ్మాయి అప్పటికే ఇంటికి వచ్చి ఉంది. తొమ్మిదో నెల. దాని కోసమే మాచర్లలో ఒక షాపులో ఏసీ కొని ముందు గదిలో పెట్టించాం. అది ఒక వారం చల్లగా తిరిగి, తర్వాత వేడి గాలి కొట్టడం మొదలుపెట్టింది. మార్చి నెలాఖరుకే మా ఊళ్లో గోడలు కాలిపోతాయి. పిల్ల తడి తువ్వాలు పొట్ట మీద వేసుకుని, ఆ గదిలోంచి ఈ గదిలోకి తిరుగుతూ ఉండేది.

మా వియ్యపురాలు నరసరావుపేట నుంచి ఫోన్ చేసి మా ఆవిడతో తేల్చి చెప్పింది. "వదినా, మట్టల ఆదివారానికి ఏసీ బాగవ్వకపోతే మా కోడల్ని మేం తీసుకుపోతాం. ఆ నిప్పుల కొలిమిలో పురుడేంది?"

ఫోన్ పెట్టేసి మా ఆవిడ కళ్లు ఒత్తుకుంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగలేదంటే రేపు చర్చి దగ్గర పదిమందికీ ఏం చెప్పుకోవాలని ఆవిడ బాధ.

"పో. ఆ షాపోడి మీద కేకలెయ్యి. ఇన్నాళ్లూ ఊరికే అరిచావుగా, ఇయ్యాల పనికొచ్చేదానికి అరిచి రా" అంది.

నేను మాచర్ల బస్సెక్కాను.

షాపులో అంతా గోలగా ఉంది. ఎండాకాలం, ఉన్నది ఒక్క మెకానిక్. నా వంతు రాగానే చేతులు కట్టుకుని, "బాబూ, మీకు శ్రమ అనుకోకపోతే, మా ఏసీ కాస్త వేడి గాలి కొడుతోంది. వీలు చూసుకుని ఒకసారి మనిషిని పంపగలరా?" అన్నాను.

ఓనరు నన్ను వింతగా చూశాడు. తర్వాత కుర్చీ వేయించాడు. కూల్‌డ్రింక్ తెప్పించాడు. "పొద్దున్నించీ అమ్మా ఆలీ తిట్లు తింటన్నా మాస్టారూ. మీలాంటి మనిషిని చూసి చానా రోజులైంది. రేపు తప్పకుండా పంపిస్తా" అన్నాడు. నా జన్మలో ఏ షాపువాడూ నన్ను చూసి సంతోషించలేదు. తిరుగు బస్సులో ఆ మాటే తలుచుకుంటూ కూర్చున్నాను.

మర్నాడు ఎవరూ రాలేదు. మళ్లీ వెళ్లాను. అప్పుడే గురజాల నుంచి వచ్చిన ఒక రైతు, ఫ్రిజ్ తలుపు ఊడదీసి భుజాన వేసుకొచ్చి, దాన్ని కౌంటరు మీద పడేసి అరుస్తున్నాడు. ఓనరు నా చెవి దగ్గరికి వంగాడు.

"మాస్టారూ, మీరొక్క మాట చెబితే వింటాడు. పెద్దమనిషి."

నేను లేచి ఆ రైతు భుజం మీద చెయ్యేశాను. కోపం ఆరోగ్యానికి మంచిది కాదన్నాను. మెకానిక్ కూడా ఒక తల్లి బిడ్డేనన్నాను. రైతు నన్ను ఎగాదిగా చూసి, "నువ్వెవరయ్యా, ఈ షాపు ఫాదరువా?" అన్నాడు. అయినా చల్లబడ్డాడు. అతను ఊరికే వెళ్లిపోతే మళ్లీ వచ్చి గొడవ చేస్తాడని ఓనరు మెకానిక్‌ను అతని వెంటే పంపాడు. నా వైపు తిరిగి నవ్వాడు. "మీరు మన మనిషి, సర్దుకుంటారు."

సర్దుకున్నాను. ఆ తర్వాత రోజూ పొద్దున్నే మాచర్ల వెళ్లేవాణ్ణి. కౌంటరు పక్కన నా కుర్చీ నాకుండేది. ఎవరైనా గొంతు పెంచగానే ఓనరు నా వైపు చూసేవాడు, నేను లేచేవాణ్ణి. మిక్సీ పేలిన ఆమెను ఊరడించాను. కూలరు కారి పరుపు తడిసిన కొత్త దంపతులకు ఓర్పు గురించి చెప్పాను. కొందరు వెళ్తూ వెళ్తూ నాకు దణ్ణం పెట్టారు. ఇంట్లో మా ఆవిడ "ఏమన్నాడు?" అని అడిగితే "చాలా మర్యాదస్తుడు" అని చెప్పేవాణ్ణి.

ఇక రాయడానికి సిగ్గుపడే సంగతి ఒకటుంది. శుక్రవారం మెకానిక్ గ్యాసు సిలిండరు బండికి కట్టుకుని నిజంగానే మా ఇంటికి బయల్దేరాడు. అంతలో ఒకాయన వచ్చి, మీ షాపు తగలబెడతానని వీధంతా వినపడేలా అరిచాడు. ఓనరు నా ముఖంలోకి చూశాడు. షాపులో వాళ్లంతా చూశారు. "పర్లేదు, ముందు వాళ్లింటికి వెళ్లిరా నాయనా. మేం ఆగుతాం" అన్నాను. ఆగాల్సింది మా పిల్ల. నేను ఫ్యాను కింద ఉన్నాను.

మట్టల ఆదివారం రేపనగా, శనివారం, తగలబెడతానన్నాయన మళ్లీ వచ్చాడు. పనితనం బాగాలేదట. నేను ఆయన చేతులు పట్టుకుని, సహనం గొప్పతనం చెబుతున్నాను. బయట ఆటో ఆగింది. అందులోంచి మా ఆవిడ దిగింది, చేతిలో నీళ్ల ఫ్లాస్కు, దుప్పటి. వెనకే మా అమ్మాయి, నడుం మీద చెయ్యేసుకుని.

పిల్ల నన్ను పలకరించలేదు. తిన్నగా వచ్చి, కొనేవాళ్లకు చూపించడానికి ఆడిస్తున్న ఏసీ ఎదురుగా నా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఒళ్లంతా చెమట.

ఓనరు కంగారుగా, "ఏం కావాలమ్మా?" అన్నాడు.

"ఏం వద్దన్నా" అంది, ఎంతో నెమ్మదిగా. "మా ఇంట్లో ఏసీ ఆడట్లా. ఇక్కడిది బాగా ఆడతంది. మా నాన్నా ఇక్కడే ఉంటన్నాడు. నొప్పులొచ్చిందాకా నేనూ ఇక్కడే ఉంటా. మీకేం ఇబ్బంది లేదుగా?"

మా ఆవిడ దుప్పటి పరుస్తోంది. తగలబెడతానన్నాయన, నా చేతుల్లోంచి తన చేతులు లాక్కుని రెండడుగులు వెనక్కి వేశాడు.

ఓనరు మెకానిక్‌ను కేకేసి, "మాస్టారింటికి ఎందుకు పోలేదురా?" అని గద్దించాడు.

"నిన్ననే బయల్దేరా అన్నా. మాస్టారే కదా వేరే వాళ్లింటికి పొమ్మంది. నువ్వూ ఉన్నావుగా" అన్నాడతను.

మా ఆవిడ పరుస్తున్న దుప్పటి వదిలేసి నిలబడింది. పిల్ల నా వైపు తిరిగి చూసింది. స్కూల్లో నేను ఎంతోమందిని నిలబెట్టి ప్రశ్న వేశాను, జవాబు తెలియనప్పుడు పిల్లలు ఎక్కడ చూస్తారో నాకు తెలుసు. నేనూ అక్కడే చూశాను.

ఆ ఆటోలోనే గ్యాసు సిలిండరు వేసుకుని, మెకానిక్‌ను మధ్యలో కూర్చోబెట్టుకుని బయల్దేరాం. దారిలో మళ్లీ ఎవరైనా అరిచి లాక్కుపోతారేమోనని అతని పనిముట్ల సంచి మా అమ్మాయి ఒళ్లో పెట్టుకుంది. ఒకసారి అతని ఫోన్ మోగింది. అవతలి మనిషి తిట్లు అందరికీ వినపడుతున్నాయి. అతను నా వైపు చూశాడు. నేను రోడ్డు వైపు చూశాను.

గ్యాసు లీకట. పైపు అతికించి, గ్యాసు నింపడానికి గంట కూడా పట్టలేదు. అన్ని రోజులు మాచర్ల తిరిగింది ఈ గంట పనికి. చల్లగాలి రాగానే పిల్ల మంచం మీద పక్కకు తిరిగి పడుకుంది, కాసేపటికే నిద్రపోయింది. మా ఆవిడ వియ్యపురాలికి ఫోన్ కలిపి, "వదినా, తిరుగుతంది. ఇను" అని గొంతు తగ్గించి చెప్పి, మంచం పక్కన స్టూలెక్కి ఫోన్ ఏసీకి ఆనించి పట్టుకుంది. అవతలావిడ చాలాసేపు వింది కాబోలు, మా ఆవిడ చెయ్యి నొప్పెట్టి మరో చేతికి మార్చుకుంది. కోడల్ని తీసుకుపోయే మాట ఆ తర్వాత రాలేదు.

నేను గుమ్మంలో నిలబడ్డాను. పిల్ల లేచాక చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంటున్నాను. కోపం పోగొట్టుకోవడానికి చేసిన ఒట్టును పరాయివాళ్ల మెప్పు కోసం వాడుకున్నానని, అందుకు పిల్ల ఉడికిపోయిందని చెప్పాలి. దానికి ఎలాంటి మర్యాద మాటలూ కుదరడం లేదు.

మా ఆవిడ స్టూలు దిగి నా వైపు చూసింది.

"లోపలికన్నా రా, బయటికన్నా పో. తలుపు తీసి నిలబడమాక, చల్లదనమంతా పోతంది."

లోపలికి వెళ్లే ధైర్యం చాలక తలుపు దగ్గరగా వేసి, వరండాలో ఎండలోకి వచ్చి కూర్చున్నాను.