గడప దగ్గర బూట్లు

పోలీసుల రహస్య సమాచారం నాయకులకు ఎవరు చేరవేశారని పార్లమెంటు కమిటీ అధికారులను నిలదీస్తోందని టీవీలో వార్త వచ్చింది. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైన మా బాపు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"నా సర్వీసుల ఒక్క ముచ్చట బయటికి పోలే. దాడి ఉందంటే మీ అమ్మకు గూడ చెప్పేటోన్ని గాదు" అన్నాడు నాతో.

నిజమే, నోరు విప్పేవాడు కాదు. కానీ పేకాట ఇళ్ల మీద దాడి ఉన్న రోజు, అడుగుల చప్పుడు కాకూడదని డ్యూటీ బూట్లు గడప దగ్గరే విడిచి కాన్వాసు బూట్లతో వెళ్లేవాడు. లాల్‌దర్వాజాలో మాది ఇరుకు గల్లీ. మా ఎదురింటి గల్లీ లీడర్ చాయ్ తాగుతూ ఆ బూట్లు చూసి, పేకాట వాళ్లకు కబురు పంపేవాడు. ఆ మనిషంటే నాకిప్పటికీ మంటే! పాపం బాపు ఖాళీ గదులు చూసి తిరిగొచ్చేవాడు.

వెల్లుల్లి ఒలుస్తున్న అమ్మ ఇదంతా ఇవాళ నవ్వుతూ బాపు ముందు బయటపెట్టింది.

బాపు ముఖం ఎర్రబడింది. "మరి ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలేదే?"

"స్టేషన్ ముచ్చట ఇంట్ల తియ్యొద్దని లొల్లి జేసింది నువ్వే గదా!"