ఎక్స్‌రే డప్పుల మాస్టారు

వీరవెంకటసత్యనారాయణ గారికి ఒకటే జబ్బు. ఎవరు ఏ వస్తువు పారేయబోయినా అడ్డం వచ్చి, "దీని పని అయిపోయిందా?" అని అడుగుతారు. అడిగి ఊరుకుంటే బాధ లేదు. సాక్ష్యం కూడా కావాలంటారు.

అమీర్‌పేటలో ఆయనుండే అపార్ట్‌మెంటు వాళ్లకి దొంగలంటే భయం లేదు, ఆయనంటే భయం. ఆయన గుమ్మం సరిగ్గా మెట్లకి ఎదురుగా ఉంది. చెత్త సంచీతో దిగేవాళ్లు చెప్పులు చేత పట్టుకుని, ఊపిరి బిగబట్టి దిగేవాళ్లు. అయినా తలుపు తెరుచుకునేది.

"ఏంటండీ అది, పచ్చడి సీసానా? పని అయిపోయిందా?"

"అయిపోయిందండీ."

"అడుగున రెండు ముక్కలు కనబడుతున్నాయి. అన్నంలో కలుపుకుని తినేసి తీసుకురండి."

ఎర్రమంజిల్‌లో ఏదో ఆఫీసులో పనిచేసి రిటైరైన ఈ కోనసీమ మనిషి, ఆదివారాలు డాబా మీద పిల్లలకి సంగీతం నేర్పుతారు. వాయిద్యాలన్నీ పారేసిన సామానే. సీసాల్లో నీళ్లు పోస్తే జలతరంగం, సోడామూతలు గుచ్చితే చిడతలు. "కొనుక్కున్నది నీ ఒక్కడిదేరా, పారేస్తే మాత్రం ఊరందరిదీ" అన్నది ఆయన మొదటి పాఠం.

ఒకసారి వాయిద్యాల మీద కప్పడానికి పనికొస్తుందని ఒక కోచింగ్ సెంటరు ఫ్లెక్సీ మీద ఆయన కన్ను పడింది. ఇంకొకరైతే విప్పుకుపోయేవాళ్లే. ఈయన దాని మీదున్న నంబరుకి ఫోన్ చేశారు. "జావా కొత్త బ్యాచ్ సోమవారం అని రాశారు. మొదలైందాండీ? లేదా? మొదలయ్యాక చెప్పండి, ఆగుతాను." అలా రోజూ అడుగుతుంటే, అవతలి అమ్మాయి విసిగిపోయి ఆయన్నే బ్యాచ్‌లో చేర్చేసింది.

అన్నింటికంటే గొప్పవి ఆయన డప్పులు. పాత ఎక్స్‌రే ఫిల్ము రంగు డబ్బా మూతికి బిగించి, సైకిల్ ట్యూబుతో కట్టేస్తే ఖంగుమని మోగుతుంది. ఒకదాని మీద ఎవరిదో మోకాలు, ఇంకోదాని మీద ఎవరిదో వెన్నుపూస. పిల్లలు పుర్రె డప్పు కోసం కొట్టుకునేవాళ్లు. పెద్దవాళ్లు మాత్రం ఆ డప్పులు చూసి దణ్ణం పెట్టుకుని పోయేవాళ్లు.

పై అంతస్తులో ఉండే రాజమ్మ ఎవరింట్లో ఏ కూర మాడిందో వాసన చూసి చెప్పగలదు. ప్రపంచంలో ఆమె తెలుసుకోవాలనుకోని సంగతి ఒక్కటే ఉంది. అది బీరువాలో చీరల కింద, పిన్ను కొట్టిన గోధుమరంగు కవరులో ఉంది.

దగ్గు ఎంతకీ తగ్గడం లేదని కొడుకు అనుదీప్ పంజాగుట్టకి తీసుకెళ్లి ఛాతీ ఎక్స్‌రే తీయించాడు. మర్నాడు డాక్టరుకి చూపించమని చెప్పి డ్యూటీకి పోయాడు. వెనకటికి ఆమె భర్త ఐలయ్య కూడా ఇలాంటి కవరే తెచ్చుకున్నాడు. డాక్టరు దాన్ని విప్పి చూశాడు. ఆ తర్వాత ఐలయ్య ఇంటికి రాలేదు. అప్పటినుంచి రాజమ్మ లెక్కలో మనిషిని చంపేది రోగం కాదు, కవరు విప్పడం.

"డాక్టర్ చూసిండా అమ్మా?"

"చూసిండు బిడ్డా. ఏం లేదన్నడు. ఫికర్ చెయ్యొద్దన్నడు."

అబద్ధమైతే ఆడింది గానీ, బీరువా తెరిచిన ప్రతిసారీ దాని మీద ఇంకో చీర కప్పుతోంది. పారేద్దామంటే మెట్ల దగ్గర మాస్టారు. చించుదామంటే చిరగదు. చివరికి ఒక ఉపాయం తోచింది. ఎముకల్లో ఎముకలు ఎవరికి తెలుస్తాయి? శనివారం మధ్యాహ్నం డాబా ఎక్కి, నీళ్ల ట్యాంకు పక్కన మాస్టారి ఎక్స్‌రేల పెట్టెలో తన కవరు తోసేసి వచ్చింది.

ఆదివారం మనసు నిలవక, మిరపకాయలు ఎండబెట్టే వంకతో మళ్లీ ఎక్కింది. మాస్టారు ఒక్కొక్క ఫిల్మూ ఎండకేసి పట్టి విచారణ జరుపుతున్నారు.

"ఇది వాచ్‌మన్ సాయిలు మోకాలు. సాయిలూ, నడుస్తున్నావా?"

"ఉరుకుతున్న సారు."

"అయితే దీని పని అయిపోయింది. కట్టండి."

తర్వాత గోధుమరంగు కవరు పైకొచ్చింది. రాజమ్మ చేతిలోని మిరపకాయలు జారిపడ్డాయి. మాస్టారు పిన్నుని వేలితో తడిమారు. దాన్ని ఇంతవరకూ ఎవరూ తీయలేదు. పేరు చదివి, గబుక్కున దాని మీద అరచెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"ఎవరిది సార్ గది?" అన్నాడు ఒక పిల్లవాడు. "పెద్దగున్నది, మస్తు మోగుతది."

"మోగదురా. ఇది ఇంకా డ్యూటీ ఎక్కలేదు."

ఆ పూట ఒక డబ్బా బోడిగానే మిగిలిపోయింది.

మర్నాడు పొద్దున్నే రాజమ్మ తలుపు చప్పుడైంది. సందులోంచి చూస్తే ఆయనే, చంకలో సంచీతో. కొడుకుతో చెప్పేస్తారేమోనని ఆమె తలుపు సగమే తీసింది.

"రాజమ్మ గారూ, నాకు దగ్గండీ," అంటూ ఆయన ఖళ్లుఖళ్లుమన్నారు. "డాక్టరు దగ్గరికి ఒక్కణ్ణే వెళ్లాలంటే కాళ్లు వణుకుతున్నాయి. మీరు ధైర్యస్తులు. కాస్త తోడు రండి."

రాజమ్మకి వెళ్లాలంటే భయం. కానీ ఈయనకి ఏం రోగం వచ్చిందో తెలుసుకోకుండా ఉండాలంటే అంతకంటే కష్టం. ఆత్రం భయాన్ని ఒక్క తోపు తోసింది. చెప్పులేసుకుంది.

ఆటోలో పంజాగుట్ట దాకా ఆయన దగ్గుతూనే ఉన్నారు. ఆ దగ్గు ఎంత లెక్కగా పడిందంటే, డ్రైవరు హ్యాండిల్ మీద వేళ్లతో తాళం వేశాడు.

డాక్టరు ముందు కూర్చున్నాక మాస్టారు సంచీలోంచి గోధుమరంగు కవరు తీసి బల్ల మీద పెట్టారు. "ముందు ఈవిడది చూడండి. నాదేం తొందర లేదు."

రాజమ్మ పారిపోదామని లేవబోయింది. అంతలోనే పిన్ను ఊడిన చప్పుడైంది. కళ్లు గట్టిగా మూసుకుంది. మూసిన కళ్ల ముందు ఐలయ్య నిలబడ్డాడు.

"నెమ్ము చేరిందమ్మా," అన్నాడు డాక్టరు. "మందులకి తగ్గుతది. ఇంకా ఆలస్యం చేస్తే కష్టమయ్యేది. మంచిగ వచ్చినవ్."

ఆమె ఒక కన్ను తెరిచింది. "నేను పోతనా సారు?"

"పోతవ్. మందులు తీస్కొని ఇంటికి పోతవ్."

మాస్టారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "డాక్టరు గారూ, ఈ ఫిల్ము పని అయిపోయినట్టేనా?"

"లేదండీ. మళ్లోసారి తీసినంక పక్కన పెట్టి చూడాలె. దాచిపెట్టుండ్రి."

చేతికందిన డప్పు జారిపోయినట్టు ఆయన ముఖం వాడిపోయింది.

"మరి మీకేమైంది?" అన్నాడు డాక్టరు.

"నాకాండీ?" మాస్టారు దిక్కులు చూశారు. "నాకు... ఆటోలోనే తగ్గిపోయింది."

రోడ్డు మీదికొచ్చాక రాజమ్మ మందుల సంచీ కొంగులో చుట్టుకుని, తల దించుకుని నడిచింది. మెట్రో స్తంభం దగ్గర ఆగింది.

"ఏదీ సారు, జర ఒక్కపారి దగ్గుండ్రి."

ఆయన నేల చూపులు చూస్తూ దగ్గారు.

"గిదేం దగ్గు? ముక్కుల నుంచి వస్తున్నది. కడుపుల నుంచి రావాలె. నన్ను చూడుండ్రి."

అక్కణ్ణించి ఆటోస్టాండు దాకా అసలు దగ్గు ఎలా దగ్గాలో రాజమ్మ ఆయనకి నేర్పుతూనే ఉంది. మాస్టారు చేతులు కట్టుకుని, ఒక్కొక్కటే బుద్ధిగా అప్పజెప్పారు.