తూరు పట్నంలో దీపం ఉందా?

మా గోదావరిఖని నుంచి జనం సికింద్రాబాదుకు దవాఖాన పని మీదో, కోర్టు పని మీదో, పెళ్లి బట్టలకో వెళతారు. నేనూ మా మామా వెళ్లింది మాత్రం సముద్రాల అవతల ఒక పట్నం ఉందో లేదో కనుక్కోవడానికి. ఇది డెబ్బైల మొదట్లో సంగతి. ఇలాంటి పిచ్చి పనికి బయలుదేరేవాళ్లు ఇంకెవరైనా ఉంటే దారి తెలుస్తుందని వివరంగా రాస్తున్నాను.

మా మామ పేరు దేవయ్య. కొత్తగూడెం గనుల్లో పని మొదలుపెట్టి, ఇక్కడ కొత్త గనులు తెరిచినప్పుడు ఇటు వచ్చాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టడం ఆయన పని. చదువు రాదు. డ్యూటీ దిగి, స్నానం చేసి, వాకిట్లో కూర్చుంటే కూతురు సుగుణ బైబిలు చదివి వినిపించేది. నాతో పెళ్లయ్యాక కూడా రోజూ సాయంత్రం రెండు వీధులు దాటి వెళ్లి చదివి వచ్చేది. పెళ్లయిన నాలుగో ఏడు పచ్చకామెర్లు వచ్చి చనిపోయింది. ఆ తర్వాత చదివే పని నా మీద పడింది. నేను గని ఆఫీసులో గుమాస్తాను. చదవడం వచ్చు గాని, ఆమెలా చదవడం రాదు.

మామకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం తూరు పట్నం మీద యెహెజ్కేలు ప్రవక్త పలికిన శాపం. బబులోను రాజు దాన్ని పడగొడతాడని, దాని రాళ్లూ కర్రలూ మట్టీ నీళ్ల పాలవుతాయని, అది వలలు ఆరేసుకునే వట్టి బండగా మిగులుతుందని, మళ్లీ ఎన్నటికీ కట్టబడదని ఆ శాపం. మామ పడుచుతనంలో ఒక బోధకుడు వచ్చి, "ఆ ఊళ్లో ఈనాటికీ ఒక్క దీపం లేదు" అన్నాడట. మామ ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు. గనిలో ఆయన అలవాటూ అదే. పనిలోకి దిగేముందు ఇనుప కడ్డీతో పైకప్పును తట్టి వింటారు. గట్టిగా మోగితే పని చేసుకోవచ్చు, బోలుగా మోగితే అందరూ బయటికి రావాలి. తూరు మాట ఆయనకు ముప్పై ఏళ్లు గట్టిగా మోగింది.

నా నోరు ఊరుకోదు కదా! ఆఫీసులో ఒక స్నేహితుడు పాత ఇంగ్లీషు పత్రిక తెచ్చాడు. అందులో సముద్రం ఒడ్డున ఇళ్లూ పడవలూ ఉన్న ఫొటో చూపించి, "మీ బైబిలు మళ్లీ లేవదన్న ఊరు ఇదే కదా" అని నవ్వాడు. ఆ మాటను ఆ సాయంత్రమే మామ దగ్గరికి మోసుకెళ్లాను. మర్నాడు నేను బైబిలు తెరిస్తే "పక్కకు వెట్టు" అన్నాడు. నెలన్నర అలాగే గడిచాక ఒక రోజు బయటపడ్డాడు.

"గా ఒక్క మాట బోలు అయితే, మా సుగుణ మళ్ల కనవడ్తదన్న మాట మీద ఎట్ల నిలవడాలె అల్లుడా?"

నిజం చెప్పాలంటే నేనూ ఆ మాట మీదే నిలబడి ఉన్నాను. రోజూ ఆఫీసు నుంచి వచ్చి తాళం తీసేటప్పుడు లోపలి నుంచి ఆమె గొంతు వినిపిస్తుందేమోనని ఒక్క క్షణం ఆగేవాణ్ణి. సికింద్రాబాదులో బోధకులకు పాత చరిత్రలు చెప్పి రిటైరైన అయ్యగారు ఒకరు ఉన్నారని మా పాస్టరుగారు చెబితే ఆయనకు కార్డు రాశాను. రమ్మని జవాబు వచ్చింది. రెండు రోజులు సెలవు పెట్టాను.

తెల్లవారి అయిదున్నరకు బస్సెక్కి రామగుండం స్టేషనుకు చేరాం. మా అత్త జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ కారం మూటగట్టి ఇచ్చింది. ఆరున్నరకు రావాల్సిన ప్యాసింజరు ఏడుంబావుకు వచ్చింది. మా వైపు టైంటేబులు గోడకు అందంగా ఉంటుంది, అంతే. ఈ బండి ఎక్కేవాళ్లు ముందు పెట్టెల దగ్గర నిలబడితే మంచిది. వెనక పెట్టెల నిండా కూరగాయల గంపలే.

పెద్దపల్లిలో ఒక సాయిబు ఎక్కి మా ఎదురుగా కూర్చున్నాడు. లారీల మెకానిక్కట. వేరుశనగకాయలు ఒలుస్తూ మామను చూశాడు.

"ఏం కాకా, దవాఖానకా?"

"పాణం మంచిగనే ఉంది. ఒక ఊరి సంగతి అడుగవోతున్నం."

"ఏ ఊరు?"

"తూరు."

"గా టేషను ఏ లైన్ల వస్తది?"

"అది తెలిస్తే గింత దూరం ఎందుకు పోత?" అన్నాడు మామ. సాయిబు పడీ పడీ నవ్వి, దోసెడు కాయలు మామ తువ్వాల్లో పోశాడు. జమ్మికుంటలో దిగుతూ, "ఫికర్ చెయ్యకు కాకా. ఊరు ఉంటే ఉంటది, లేకుంటే లేదు. నీకేం పోతది?" అన్నాడు. మంచి మనిషే. మామ మాత్రం ఆ తర్వాత ఒక్క కాయా ఒలవలేదు.

పదింటికి కాజీపేటలో దిగి, చాయ్ తాగి, బండి మారాం. నిలబడే వెళ్లాల్సి వచ్చింది. జనగామలో మామకు చోటు దొరికింది. రెండుంబావుకు సికింద్రాబాదు చేరి, స్టేషను బయట రొట్టెలు తిని, రిక్షా ఎక్కాం. అయ్యగారి ఇంటికి వెళ్లేసరికి మూడున్నర దాటింది.

సన్నటి మనిషి. గది నిండా పుస్తకాలు. మామను తన కుర్చీలో కూర్చోబెట్టి తాను స్టూలు మీద కూర్చున్నారు. మామ తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకుని సూటిగా అడిగాడు.

"అయ్యగారూ, తూరుల దీపం ఉన్నదా?"

"ఉంది పెద్దాయనా. మనుషులున్నారు, ఇళ్లున్నాయి, దీపాలూ ఉన్నాయి."

మామ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఏది అయింది, ఏది కాలే, ఒక్కొక్కటి చెప్పుండ్రి" అన్నాడు.

అయ్యగారు పటం పరిచి చెప్పారు. అసలు పట్నం తీరానికి దగ్గర్లో ఒక దీవి మీద ఉండేది, ఒడ్డున దాని పేట ఉండేది. బబులోను రాజు పదమూడేళ్లు ముట్టడి వేశాడని పాత రాతలు చెబుతాయి. పేట పాడయింది. దీవిని మాత్రం అతడు కొల్లగొట్టినట్టు ఆధారం లేదు, చివరికి ఒప్పందమేదో జరిగినట్టుంది. రెండు వందల ఏళ్లు దాటాక ఒక గ్రీకు రాజు వచ్చాడు. ఒడ్డున పడి ఉన్న రాళ్లూ కర్రలూ మట్టీ సముద్రంలో పోయించి, కట్ట వేసి, దాని మీద దీవికి నడిచి పట్నాన్ని పడగొట్టాడు. ఆ మాట అక్షరాలా జరిగింది. జాలర్లు అక్కడ వలలు ఆరేస్తారు, అదీ నిజమే. కానీ తర్వాత రోమా వాళ్ల కాలంలో కట్టిన వీధులూ స్తంభాలూ తవ్వకాల్లో బయటపడ్డాయి. అంటే మళ్లీ కట్టారన్నమాట.

ఆయన కాస్త తీపి కలిపి చెబితే బాగుండునని నా ప్రాణం కొట్టుకుంది. "శాపం ఒడ్డున ఉన్న పేటకే, దీవికి కాదని కొందరంటారు కదండీ" అన్నాను.

"అంటారు. నేనూ చాలా ఏళ్లు అలాగే పాఠం చెప్పాను. కానీ ప్రవక్త సముద్రం మధ్యనున్న పట్నమనే అన్నాడు బాబూ."

"అంటే ఒక్క తాన బోలు మోగింది" అన్నాడు మామ. అయ్యగారికి అర్థం కాలేదు. మామ వేలి కణుపులతో బల్లను తట్టి, గనిలో పైకప్పును ఎలా వింటారో చెప్పాడు.

"బోలుగా మోగితే ఏం చేస్తారు?"

"సున్నంతోని గుర్తు వెడ్తం. యెనుక షిఫ్టోడు ఎరుక లేక వచ్చి చావద్దు గద."

అయ్యగారు బైబిలు అందుకుని, ఆ శాపం ఉన్న చోటి నుంచి మూడు అధ్యాయాలు ముందుకు తిప్పారు. ఏళ్లు గడిచాక అదే యెహెజ్కేలు రాసుకున్న మాటలు చదివారు. తూరు మీద రాజు తన సైన్యంతో చాలా కష్టమైన పని చేయించాడట. మోసి మోసి ప్రతి తలా బోడి అయ్యిందట, ప్రతి భుజమూ కొట్టుకుపోయిందట. అయినా రాజుకు గాని సైన్యానికి గాని దాని వల్ల కూలి ముట్టలేదట.

మామ చెయ్యి దానంతటదే తల మీదికి పోయింది. దిమ్మెలు మోసీ మోసీ ఆయన నడినెత్తిన వెంట్రుక లేదు.

"గుర్తు ఆయననే వెట్టిండా?" అన్నాడు.

"ఆయనే. తాను చెప్పినట్టు ఆ రాజుకు పట్నం దక్కలేదని ఆయనే రాశాడు. పాత మాట కొట్టెయ్యలేదు, ఇదీ దాచలేదు."

"దొంగోడు గుర్తు వెట్టడు" అని మామ లేచి దండం పెట్టాడు.

ఆ రాత్రి చర్చి ఆవరణలో ప్రయాణికుల కోసం ఉన్న గదిలో పడుకున్నాం. చాపలు వాళ్లే ఇస్తారు, దుప్పటి మనం తెచ్చుకోవాలి. మర్నాడు ఏడింటి బండికి బయలుదేరాం. కాజీపేటలో మారాక మా ప్యాసింజరులో మామకు కిటికీ పక్క చోటు దొరికింది. జమ్మికుంట దాటాక, "అల్లుడా, గా బుజాల మాట మళ్ల చదువు" అన్నాడు.

సంచిలోంచి సుగుణ బైబిలు తీసి చదివాను. ఆయన కిటికీ బయటికి చూస్తూ విన్నాడు.

"ఇది నేను ఇన్న అల్లుడా. సుగుణ చదివింది. నేను డ్యూటీ దిగొచ్చి సగం నిద్రల ఉన్న. చదువుకుంట చదువుకుంట గీడనే ఆగింది. లేచి లోపటికి పోయి నూనె కాగవెట్టుకొచ్చి నా బుజాలకు రాసింది. ఏందే బిడ్డా అంటే, ఏం లేదు నాయినా, ఇయ్యాలటికి చాలు అన్నది. ఆనాటి సంది రోజు రాసేది."

ఆ రోజుల్లో ఆమె ఇంటికి తిరిగి వచ్చేసరికి చేతులకు నువ్వుల నూనె వాసన ఉండేది. ఎందుకని నేను ఒక్కసారీ అడగలేదు. నాలుగేళ్లు ఆ చేతుల అన్నం తిన్నాను. ఆ మాట ఇప్పుడు అడగాలని, ఆమె నోటితోనే వినాలని ఎంత అనిపించిందో! తల పక్కకు తిప్పుకున్నాను.

మా ప్రయాణంలో తేలింది ఇంతే. శాపంలో చెప్పినదానితో కొంత కలిసింది, కొంత కలవలేదు. సుగుణ మళ్లీ కనిపిస్తుందా అని అయ్యగారిని మేం అడగనేలేదు. అడిగినా ఆ మనిషి తెలియదనే చెప్పేవారు. నేను ఆశ మాత్రం వదులుకోలేదు, వదులుకోవడం నా వల్ల కాదు కూడా.

ఓదెలలో బండి చాలాసేపు ఆగింది. మామ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"ఇంటికి ఎన్ని గొట్టంగ చేరతం?"

"అయిదింటి లోపల చేరతం మామా."

"అయితే చదువుకునే యాళ్లకు ఉంటం" అన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని, "ఆమె యాడ ఆపిందో, ఆడికెళ్లి చదువు" అన్నాడు.