పావగడలో తాత చేను వెతికిన శనివారం

పెనుకొండ బస్టాండులో పొద్దున ఏడుంబావుకు పావగడ బస్సెక్కినప్పుడు ముగ్గురం ఒకే సీట్లో కూర్చున్నాం గానీ, మా ముగ్గురివీ మూడు వేరు వేరు ప్రయాణాలు. మా ఆయన హైస్కూల్లో గుమాస్తా, కాగితం మీద రాసుకోనిదే గడప దాటడు. ఆయన కాగితం ప్రకారం ఇది విహారయాత్ర. ముందు శనిమహాత్ముని గుడి, తర్వాత కోట, ఆ తర్వాత సోలార్ పార్కు, చివరికి తిరుమణిలో మా పెద్దమ్మ ఇంట్లో భోజనం. నేను బట్టలు కుడతాను. నాకైతే ఒక్క రోజు ఆ మిషను చప్పుడు వినపడకపోతే చాలు, ఎక్కడికైనా సరే. మా అమ్మ మాత్రం ఒకే ఒక్క ప్రశ్న అడగడానికి వస్తోంది.

ఆ సంగతి ముందే చెప్పేస్తాను. తిరుమణి అమ్మ పుట్టినూరు. అమ్మకు ఒక్కతే అక్క, మేనమామను చేసుకుని అదే ఊళ్ళో ఉండిపోయింది. మా వాళ్ళలో పోయినవాళ్ళను సొంత చేనులోనే పూడుస్తారు. తాతను కూడా అలాగే పూడ్చి, తలాపున మూడు రాళ్ళు నిలబెట్టారు. ఏటా పెద్దల అమావాస్యకు అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆ రాళ్ళ దగ్గర రాగిముద్ద పెట్టి దండం పెట్టుకునేవాళ్ళు. తర్వాత ఆ పక్క చేలన్నీ సోలారుకు కౌలుకు పోయాయి, తాత చేను కూడా పోయింది. అమ్మ ఒప్పుకునే వేలిముద్ర వేసింది. కానీ రాళ్ళు కదలకూడదని అక్క దగ్గర మాట తీసుకుంది. కొన్నాళ్ళకు ఎవరో వచ్చి రాళ్ళూ లేవు రప్పలూ లేవు, అంతా చదును చేసేశారని చెప్పారు. అమ్మ ఫోన్ చేసి అడిగితే పెద్దమ్మ వానల గురించి మాట్లాడింది. ఇంకోసారి అడిగితే మనవరాలి చదువు గురించి మాట్లాడింది. అంతే, ఆరేళ్ళు మాటల్లేవు.

పోయిన వారం పెద్దమ్మే నాకు ఫోన్ చేసింది. కంట్లో పొర కమ్ముకుందట, హిందూపురంలో ఆపరేషనట, కళ్ళు ఉండగానే ఒకసారి చెల్లెలిని చూడాలని ఉందట. పొర తీస్తే కళ్ళు బాగవుతాయి గానీ పోవు పెద్దమ్మా అన్నా ఆమెకు ధైర్యం రాలేదు. అమ్మకు చెప్పాను. "వస్తా. నాయన్ని ఏం చేసినావే అని అడుగుతా. చెప్తే అక్క. చెప్పకపోతే ఇంక నాకు అక్క లేదు" అంది. మా అమ్మ ఆ మాట అందంటే అన్నట్టే.

రొద్దం దాటాక రాళ్ళగుట్టలు, మల్బరీ తోటలు, మళ్ళీ రాళ్ళగుట్టలు. ఎక్కడ ఆంధ్ర అయిపోయిందో, ఎక్కడ కర్ణాటక మొదలైందో నాకైతే తెలియలేదు. బోర్డులు గుండ్రటి అక్షరాల్లోనే ఉన్నాయి, చదవబోతే కన్నడం. మా ఆయన పక్క సీటు ముసలాయనతో వచ్చీరాని కన్నడంలో పావగడ ఇంకెంత దూరమని అడిగాడు. ఆ ముసలాయన ఒళ్ళో నువ్వులనూనె సీసా పెట్టుకుని ఉన్నాడు. ఈయన తిప్పలన్నీ ఓపిగ్గా విని, "తెలుగులో అడగప్పా, మాది కూడా తెలుగే" అన్నాడు. మా ఆయన మొహం చూడాల్సింది.

తొమ్మిదింటికి పావగడ. శనివారం కదా, గుడి దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. నువ్వులనూనె దీపాలు, నల్లగుడ్డలు, ఆ పొగ, ఆ జిడ్డు. వరుసలో గంటంపావు నిలబడ్డాం. శని అంటే నాకు భయమే గానీ, ఆయన్ను చూడటానికి ఇంతసేపు నిలబడాల్సి రావడమే శని పట్టడం కాదా అని మా ఆయన చెవిలో అంటే నోరు మూసుకోమన్నాడు. అమ్మ మాత్రం కళ్ళు మూసుకుని తొమ్మిది ప్రదక్షిణలు చేసింది. వచ్చేవాళ్ళు తెలుసుకోవాల్సింది ఒకటుంది. చెప్పులు బయట వదిలేటప్పుడు ఏ మూల వదిలారో గుర్తుపెట్టుకోండి. మేం ఇరవై నిమిషాలు వెతికాం.

గుడి ఎదుటి సందులో ఒక చిన్న హోటల్లో తట్టె ఇడ్లీ తిన్నాం. పళ్ళెమంత వెడల్పు ఇడ్లీ, మీద వెన్న. రెండు తింటే మధ్యాహ్నం దాకా ఆకలి మాట ఉండదు. హోటలాయన చట్నీ వేస్తూ తర్వాత ఎక్కడికని అడిగాడు. తిరుమణిలో మా పెద్దమ్మ ఇంటికన్నాను. గరిటె ఆగిపోయింది.

"శనిమహాత్ముని గుడి నుంచి నేరుగా ఒకరింటికి పోతారామ్మా? మీ ఇంటికే పోవల్ల గదా."

అమ్మ చేతిలో ఇడ్లీ ముక్క అలాగే ఉండిపోయింది. కాళహస్తికి పోయినా ఇదే కట్టుబాటని మాకు తెలియనిది కాదు. మొక్కు తీర్చుకుని వదిలించుకున్నదాన్ని మోసుకుపోయి ఇంకొకరి గడపలో దించకూడదు. తెలిసీ, కాగితం మీద గుడిని మొదట పెట్టుకుని వచ్చాం. బస్టాండుకు దగ్గర గదా అని పెట్టానంటాడు మా ఆయన. నాకు ఒళ్ళు మండిపోయింది. నువ్వైనా చూడొద్దా అని ఆయన నన్నంటాడు, నేను ఆయన్ను అంటాను. హోటల్లో ఉన్నవాళ్ళందరూ తలా ఒక మాట వేశారు. కాళ్ళు కడుక్కుంటే చాలని ఒకరు, కొండెక్కి దిగితే పోతుందని ఒకరు, రేపు పొద్దు పొడిచేదాకా లాభం లేదని ఇంకొకరు. ఎవరి మాట వినాలో తెలియక బిల్లు కట్టి బయటపడ్డాం.

సరే, ముందు కోట చూద్దామన్నాడు మా ఆయన. ఊరి నెత్తి మీదే ఉంటుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, ఇంటి పక్కనున్న పెనుకొండ కొండే నేను రెండోసారి ఎక్కిన పాపాన పోలేదు, ఇక్కడ ఆయాసపడుతూ ఎక్కాను. పిల్లలున్నవాళ్ళు ఎండ ముదరకముందే ఎక్కండి, నీళ్ళు తీసుకెళ్ళండి, పైన ఏమీ దొరకవు. నున్నటి రాతిమెట్లు, ఒక దాని తర్వాత ఒకటి వాకిళ్ళు, గోడల మీద గోడలు. ఏ వాకిలి నుంచి వచ్చామో, ఏ వాకిలి నుంచి దిగాలో తెలియక ఒకే గోడ చుట్టూ రెండుసార్లు తిరిగాం. అమ్మ మొదటి వాకిలి నీడలో కూర్చుండిపోయింది. మేం దిగి వచ్చేసరికి ఒక నిర్ణయం చేసుకుని ఉంది. ఫోన్ కలిపి ఇమ్మంది.

ఆరేళ్ళ తర్వాత అక్కతో అమ్మ మాట్లాడిన మొదటి మాట ఇది: "మేము శనిమహాత్ముని గుడికి పోయినాం. నీ ఇంట్లోకి రాకూడదు. నువ్వే చేను కాడికి రా."

అవతల నుంచి పెద్దమ్మ, "ఏ చేను?" అంది. అమ్మ ఫోన్ నాకిచ్చేసింది. చూసినావా, చేను కూడా మర్చిపోయిందని పళ్ళు కొరికింది.

పన్నెండున్నరకు తిరుమణి బస్సు దొరికింది. కండక్టరు ఆడవాళ్ళ దగ్గర ఆధారు కార్డు అడుగుతూ వచ్చాడు. మాది చూసి నవ్వి టికెట్టు కొట్టాడు. కర్ణాటక ఆడవాళ్ళకే ఉచితమట. మాట ఒకటే అయినా కార్డు వేరన్నమాట. ఇంకా ఊరు రాకముందే రోడ్డుకు రెండు పక్కలా సోలారు పలకలు మొదలయ్యాయి. ఎంతసేపు పోయినా అవే. అన్నీ ఒకే పక్కకు తల వంచుకుని, ఒకే ఎత్తున, ఒకే నలుపున ఉన్నాయి. మధ్యలో కంచె, కంచె మధ్యలో గేటు, మళ్ళీ కంచె. మా ఆయన మొదట ఆహా ఓహో అన్నాడు. ఫోటోలు తీశాడు. పది నిమిషాల తర్వాత ఫోటోలన్నీ ఒకేలా ఉన్నాయని మానేశాడు. అమ్మ కిటికీకి మొహం ఆనించి, ఇది మన వాగా, ఇది మన చింతల మిట్టా అని నన్నడుగుతోంది. ఆ ఊళ్ళో పుట్టింది ఆమె, నేను కాదు. నాకేం తెలుసు?

పెద్దమ్మ బస్సు దిగే చోటే నిలబడి ఉంది. చేతిలో స్టీలు క్యారియరు. మేం ఇంట్లోకి రాకూడదన్నామని అన్నం రోడ్డు మీదికే తెచ్చింది. మనిషి చిక్కిపోయింది. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని మమ్మల్ని ఒక్కొక్కరినే దగ్గరగా చూసి గుర్తుపట్టింది. అమ్మ అక్క కాళ్ళకు దండం పెట్టలేదు, చెయ్యి కూడా పట్టుకోలేదు. నాయన కాడికి పోదాం నడువు అంది. నలుగురం కంచె వెంబడి నడిచాం.

ఎండ నెత్తిన ఉంది. పెద్దమ్మ ఒక చోట ఆగి లోపలికి చెయ్యి చూపించింది. అమ్మ ఒప్పుకోలేదు. మన చేనులో నిలబడితే ఆ జంట గుట్టలు ఎదురుగా కనపడాలి, ఇక్కడ పక్కకు పోయినాయి అంది. ఇంకొంచెం ముందుకు నడిచాం. అక్కడ గుట్టలు సరిపోయాయి గానీ వాగు సరిపోలేదు. వెనక్కి వచ్చాం. గేటు దగ్గర కాపలా ఉన్న అతన్ని అడిగాను, ఫలానా వాళ్ళ చేను ఎక్కడొస్తుందని. మర్యాదగానే మాట్లాడాడు. లోపలికి పంపడానికి తనకు వీల్లేదన్నాడు. బ్లాకు నంబరు చెబితే చూపిస్తానన్నాడు. చేన్ల పేర్లు తనకు తెలియవన్నాడు. మా ఆయన ఫోన్లో మ్యాపు తీశాడు. పైనుంచి చూసినా నల్లగళ్ళే. ఇలా మూడుసార్లు అటూ ఇటూ తిరిగాక నాకు తల తిరిగింది. కాపలా అతని ముందు నుంచి మళ్ళీ పోవాలంటే సిగ్గేసింది.

నాలుగోసారి పెద్దమ్మ నడవలేదు. అక్కడే కంచె కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది.

"నాక్కూడా తెల్దు లచ్చుమీ" అంది.

అమ్మ తిరిగి చూసింది.

"సమాధి ఉండాదని చెప్పినా. దాన్ని ముట్టేది లేదని సోలారోళ్ళు కూడా చెప్పినారు. ముట్టలేదనే అనుకుంటా. ఆ పొద్దు నేను కోడలి కాన్పుకు అనంతపురంలో ఉండా. వచ్చి చూస్తే గట్లు లేవు, యాపచెట్టు లేదు, బాట లేదు. గట్లు పోయినాంక చేను యాడుండాదో కనుక్కోలేకపోయినా. ఉన్న ఊర్లో ఉండి నాయన యాడుండాడో తెల్దని ఏ మొగం పెట్టుకోని నీకు చెప్పేది?"

వానల గురించీ మనవరాలి చదువు గురించీ ఎందుకు మాట్లాడిందో అప్పుడు నాకు అర్థమైంది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. అమ్మ మాత్రం ఏడవలేదు. మరి అమావాస్యకు ముద్ద ఎక్కడ పెడుతున్నావని అడిగింది, గొంతు కొంచెం తగ్గించి.

పెద్దమ్మ కంచె కమ్మీలను చేత్తో తడుముకుంటూ చూపించింది. "ఒక యాడాది ఈడ పెట్నా. ఇంకో యాడాది ఆ మూల. నిరుడు ఆ గేటుకు అవతల. ఏడాదికొక చోట పెడతాండా. ఒకసారన్నా దగ్గిరగా పడదా అని."

అమ్మ నిలుచున్న చోటే కింద కూర్చుంది. తర్వాత అమ్మ చెయ్యి చాపితే పెద్దమ్మ క్యారియరు ఇచ్చింది. అమ్మ మూత తీసి, ముద్ద కొంచెం తుంచి, చెనక్కాయల చట్నీ పెట్టి, పెద్దమ్మ ఇంకా పెట్టని కమ్మీ ఏదో అడిగి దాని మొదట్లో ఉంచింది. అమావాస్య కాదు, ఏమీ కాదు. ఇద్దరూ పలకల వైపు తిరిగి దండం పెట్టారు. ఒకరు కొంచెం ఎడమకు, ఒకరు కొంచెం కుడికి తిరిగి. నేను, మా ఆయన ఎటు తిరగాలో తెలియక మధ్యకు పెట్టాం. మిగిలిన ముద్ద, కోడికూర నలుగురం ఆ కంచె పక్కనే తిన్నాం. అంత రుచైన కోడికూర నేను ఈ మధ్య తినలేదు. నేను వండితే కారం సరిపోలేదనే మా ఆయన రెండోసారి వడ్డించుకున్నాడు.

నాలుగు గంటల బస్సుకు లేచాం. ఇంత దూరం వచ్చి గడప తొక్కకుండా పోతారా అని పెద్దమ్మ బాధపడింది. అమ్మ ఆలోచించి, మేము నీ ఇంటికి రాకూడదు గానీ మా ఇంటికి మేము పోవచ్చు, నువ్వు మాతో రావచ్చు, ఆపరేషను హిందూపురంలోనే గదా, మా ఊరికి దగ్గరే అంది. ఈ మెలిక ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు. పెద్దమ్మకూ తెలియలేదు. అయినా పరుగున ఇంటికి పోయి, కొడుకుకు ఫోన్ చేసి, పది నిమిషాల్లో సంచితో వచ్చింది.

పావగడలో ఐదున్నరకు పెనుకొండ బస్సు. సీట్లు దొరికాయి. మీరు పోయేటట్టయితే గుడిని ఆఖరున పెట్టుకోండి, కోట పొద్దున్నే ఎక్కండి, తట్టె ఇడ్లీ తినండి. సోలార్ పార్కు ఎలా ఉందని అడిగితే మాత్రం నేను సరిగ్గా చెప్పలేను. చాలా పెద్దది. అందులో ఎక్కడో మా తాత ఉన్నాడు. చూసొచ్చామో, చూడకుండా వచ్చామో నాకింకా తేలలేదు.

ముందు సీట్లో అక్కాచెల్లెళ్ళు దారి పొడవునా చేను ఎక్కడుందని వాదించుకుంటూనే ఉన్నారు. వాగుకు ఇవతలని అమ్మ, అవతలని పెద్దమ్మ. రొద్దం దగ్గర బస్సు ఆగినప్పుడు అమ్మ వాదన కట్టిపెట్టింది.

"ఈసారి అమావాస్యకు ఇద్దరం పెడదాం యక్కా. నువ్వు ఆ కొస నుంచి పెట్టుకుంటా రా. నేను ఈ కొస నుంచి పెట్టుకుంటా వస్తా."